నీటికుక్కకు ఒడిబియ్యం

మా మేనత్త మొగిలమ్మకు వంతెన అంటే పడదు. పోయిన ఏడు మా ఊరి దగ్గర ఆకేరు మీద వంతెన కట్టారు. ఆటోలు పోతున్నాయి, ట్రాక్టర్లు పోతున్నాయి, అవతలి ఒడ్డున పొలాలున్న వాళ్లంతా కాళ్లు తడవకుండా పోయి వస్తున్నారు. మా అత్త మాత్రం పొద్దున్నే సద్దిగిన్నె మూటకట్టుకుని, తెడ్డు భుజాన వేసుకుని రేవులోకి దిగుతుంది. నేను హనుమకొండలో చిన్న గాజుల దుకాణం నడుపుకుంటాను. ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా అవీ ఇవీ మాట్లాడి చివరికి అక్కడికే వస్తారు.

"మీ అత్తకు జర చెప్పు పద్మా. గంత వంతెన ఉండంగ ముసలితనంల ఆ తెప్ప మీద ఏం పని?" అంటారు.

నేను సరే అంటాను గానీ చెప్పను. చెప్పినా వినే మనిషి కాదు. పైగా ఆమె ఆ నీళ్ల మీద ఎవరి కోసం తిరుగుతోందో నాకు తెలుసు.

అత్త పుట్టింది మా ఊళ్లోనే. మా బాపుకు అక్క. నెక్కొండ దగ్గర ఊరికి ఇచ్చారు. పిల్లలు కలగలేదు. ఆ మాట పదిమందిలో ఎవరన్నా అంటే ఆమె వెంటనే వానల గురించో పురుగుమందుల గురించో ఎత్తుకునేది. మామ జ్వరంతో పోయాక అక్కడ ఉండలేక తిరిగి వచ్చేసింది. పెళ్లప్పుడు మా తాత పసుపు కుంకుమ కింద ఆమెకు ఏటి అవతల ఎకరం పొలం ఇచ్చాడు. దాని మీదే బతకాలని నిర్ణయించుకుంది. మా ఇంటి పక్కనే రెండు రేకులు వేయించుకుని, ఎవరింట్లోనూ ఒక్కపూట తిండికి కూర్చోకుండా బతికింది. ఆ పొగరంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

అప్పట్లో ఆకేరు అంటే ఇసుక. వానాకాలంలో నాలుగు రోజులు పారేది, తర్వాత అంతా ఇసుకే. సెలవుల్లో అత్త వెంట పొలానికి పోతే ఏట్లో నడుమ చెలిమె తవ్వి, చేతులతో నీళ్లు తోడి తాగేవాళ్లం. ఆ నీళ్ల చల్లదనం ఇప్పుడు ఏ ఫ్రిజ్జులోనూ లేదు. కాళ్లు కాలుతున్నాయని నేను ఏడిస్తే అత్త తన పాత చీర ముక్కలు రెండు నా కాళ్లకు చుట్టేది. వాటితో బాతులాగా నడిచేదాన్ని. తర్వాత కింద చెక్‌డ్యాం కట్టారు. మళ్లీ చూసేసరికి ఏరు ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండిపోయి ఉంది. కదలని నీళ్లు, పచ్చగా, లోతుగా. ఊరంతా సంబరపడింది. అత్త నడిచే దారి మాత్రం నీళ్ల కింద పడిపోయింది.

చుట్టూ తిరిగి తొర్రూరు రోడ్డు మీదుగా పోవాలంటే సగం పూట దారికే పోతుంది. అప్పుడు కట్టయ్య కాక తెప్ప చేసిచ్చాడు. ఊరి వరసకు మాకు చిన్నాన్న, మత్స్య సొసైటీకి పెద్ద. చెరువులో, ఏట్లో చేపపిల్లలు పోయించడం, కాపలా కాయడం, వలలు వేయించడం అంతా ఆయనే. థర్మాకోల్ దిమ్మెలు యూరియా సంచుల్లో పెట్టి కుట్టి, పైన చెక్కలు కట్టి ఇచ్చాడు. మొదటి రోజు అత్త తెడ్డు వేస్తే తెప్ప ఉన్నచోటే గిరగిరా తిరిగింది. రేవులో బట్టలుతుకుతున్న వాళ్లందరూ పని మానేసి చూశారు.

"అక్కా, ఒక్క దిక్కే తొయ్యకే. అటోపారి, ఇటోపారి ఎయ్యి!" కట్టయ్య కాక ఒడ్డు మీది నుంచి అరిచాడు.

"నువ్వు ముయ్యి తమ్మీ, నాకు తెల్వదా?" అని అత్త ఇంకోసారి గిరగిరా తిరిగింది.

కొన్నాళ్లకు ఎంత బాగా నేర్చిందంటే, తెడ్డు నీళ్లలోకి దిగిన చప్పుడు కూడా వినపడేది కాదు. ఆ చప్పుడు లేకపోవడం వల్లే వాటిని చూసింది.

యాసంగి వరికి నీళ్లు పెట్టడానికి తెల్లవారుజామునే బయలుదేరిందట. పొగమంచు ఇంకా విడవలేదు. ఏటి నడుమకు వచ్చేసరికి తెప్పకు అడ్డంగా నల్లటి తలకాయ ఒకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి. అత్త మొదట పాములనుకుంది, తర్వాత దయ్యాలనుకుంది, ఆ తర్వాత చేతికందిన సద్దిగిన్నె తీసి కొట్టింది. గిన్నె మునిగింది. తలకాయలు మునగలేదు. మీసాలు కదిలిస్తూ, ఈలలాంటి చిన్న కూత వేసి ఆమెను అలాగే చూశాయి. ఆ రోజు మధ్యాహ్నం వరకూ ఆకలితో ఉండి, సాయంత్రం ఇంటికి వచ్చి మా బాపుతో చెప్పింది.

"ఏట్ల కుక్కలున్నయిరా. మీసాలున్నయి. మనిషిని చూస్తే భయం లేదు వాటికి."

అవి నీటికుక్కలని కట్టయ్య కాక చెప్పాడు. ఆకేరులో నీళ్లు నిలిచాక ఎక్కడి నుంచో ఎదురీదుకుంటూ వచ్చినట్టున్నాయి. చేపలు తింటాయి, వలలు కొరుకుతాయి అని ఆయన ముఖం చిట్లించాడు. అత్తకు ఆ ముక్క చెవికెక్కలేదు. మరుసటి రోజు నుంచి ఇంకా పెందరాళే లేవడం మొదలుపెట్టింది.

నేను నెలకోసారి ఊరికి పోయేదాన్ని. పోయినప్పుడల్లా నీటికుక్కల ముచ్చటే. ఏ బండ మీద ఎండ కాచుకున్నాయి, ఏ చెట్టు వేళ్ల కింద బొరియ ఉంది, మగదానికి చెవి దగ్గర ఎట్లా గాటు పడింది. మా ఆయన సంగతి, పిల్లల సంగతి ఆమె అడగడం మానేసింది. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"అత్తా, నేనొచ్చి గంటైంది. నీళ్లన్న అడగవా?" అన్నాను.

"ఏట్ల నీళ్లే ఉన్నయి, రేపు చూపిస్త రా," అంది.

మరునాడు నన్ను తెప్ప ఎక్కించింది. నాకు ఈత రాదు. రెండు చేతులతో చెక్కను పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాను. కాసేపటికి భయం తగ్గి కళ్లు తెరిచాను. అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. మా దుకాణం ముందు బస్సుల హారన్లు, ఆటోల మైకులు పొద్దస్తమానం మోగుతూనే ఉంటాయి. ఇక్కడ మొద్దు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి కూడా మమ్మల్ని చూసి లేవలేదు. తాబేలు ఒకటి మెడ చాచి, మాకిక్కడేం పని అన్నట్టు చూసి దిగిపోయింది. లకుముకిపిట్ట నీళ్ల మీద నీలంగా గీత గీసినట్టు పోయింది. నా చిన్నప్పుడు కాళ్లు కాలిన ఇసుక ఈ నీళ్ల కింద ఎక్కడో ఉందని గుర్తొచ్చి మనసు ఎట్లాగో అయింది.

అత్త తెడ్డు ఆపింది. వేలితో చూపింది.

పెద్ద మద్దిచెట్టు వేళ్ల దగ్గర తల్లి నీటికుక్క వెల్లకిలా తేలుతూ, చేపను రెండు చేతులతో పట్టుకుని మక్కకంకి తిన్నట్టు తింటోంది. ఒడ్డున మూడు పిల్లలు, తడిసిన ఉన్ని ఉండల్లా ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. అందులో ఒకటి నీళ్లలోకి జారింది. ఈదడం ఇంకా రాదు కాబోలు, కీచుమంది. తల్లి చేపను వదిలేసి వచ్చి, దాని మెడ పట్టుకుని ఒడ్డున పడేసి, ముక్కుతో ఒక్కటి పెట్టింది.

"పిల్లలతల్లి," అంది అత్త. "ఈడికి పురిటికి వచ్చింది బిడ్డా. ఇంత పెద్ద ఏరు ఉండంగ మన ఊరికే వచ్చింది."

ఆ ఉదయాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. అప్పుడు అది మామూలు ఆదివారమే అనుకున్నాను.

శివరాత్రి దాటింది. ఎండలు ముదిరి నీళ్లు తగ్గేకొద్దీ చేపలు లోతు మడుగుల్లోకి చేరాయి, నీటికుక్కలూ అక్కడికే చేరాయి. కట్టయ్య కాక వలలు వరసగా చినిగాయి. మృగశిర కార్తెకు అందరూ చేపలు తినాల్సిందే కదా, సొసైటీ వాళ్లంతా ఆ ఒక్క పంట కోసమే కాచుకుని ఉంటారు. ఆయనది తప్పని నేను అనను. చినిగిన వల భుజాన వేసుకుని ఒకరోజు మా వాకిట్లోకి వచ్చాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"అక్కా, నీకు చెప్పి చేద్దామని వచ్చిన. ఎల్లుండి ఆ బొరియ కాడ గుళికల మందు పెట్టిన చేపలు ఏస్త. ఆ దిక్కు రెండు రోజులు పోకు."

"పిల్లలున్నయి తమ్మీ. పాలు తాగే పిల్లలు."

"నాకు లేరా పిల్లలు? సొసైటీల అందరికి లేరా? నీకేందే, నువ్వు వరి ఏసుకుంటవ్, నీ వరిని అవి తింటయా?"

"నువ్వు చేసిచ్చిన తెప్ప మీదనే వాటిని చూసిన తమ్మీ. నీకు దండం పెడుత."

మా అత్త దండం పెట్టడం నేను అంతకుముందు చూడలేదు. కట్టయ్య కాక కూడా చూసి ఉండడు. తల పక్కకు తిప్పుకుని "తప్పదక్కా" అని వెళ్లిపోయాడు. అత్త అరుగు మీద కూలబడింది. ఆ నీటికుక్కలు చస్తే ఈ మనిషి కూడా మిగలదని నాకు భయం వేసింది. మామ పోయాక ఆమె నవ్వు మొహం నేను చూసింది ఆ ఏట్లోనే.

అత్త పొద్దుగూకే వేళ లేచి, ముఖం కడుక్కుని, "పద్మా, నీ సంచిల గాజులున్నయా?" అంది.

"ఉన్నయి. ఎవరికి?"

"ఒడిబియ్యానికి."

మా వైపు ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి తిరిగి పోయేటప్పుడు తల్లిగారి వాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ, గాజులు ఆమె ఒళ్లో పోసి పంపుతారు. ముత్తైదువలే పోయాలి, ముత్తైదువకే పోయాలి. ఒడి నిండిన ఆడబిడ్డ ఆ ఊరందరికీ ఆడబిడ్డే. ఆమె కంట్లో నీళ్లు తెప్పించడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అత్త లెక్క అదీ. పిల్లలతల్లికి ఒడి నింపితే దాని మీద చెయ్యి ఎత్తే మగవాడు ఊళ్లో ఉండడని. నాకు నవ్వు వచ్చింది గానీ ఆమె ముఖం చూసి మింగేశాను.

తను పోయకూడదు కాబట్టి పోసేవాళ్లు కావాలి. నేరుగా కట్టయ్య కాక ఇంటికే పోయింది, ఆయన లేని సమయం చూసి. ఆయన భార్య తిరుమల వంట చేస్తోంది. వాళ్ల కూతురు తొలి కాన్పుకు వచ్చి, నిండు కడుపుతో మంచం మీద కూర్చుని జామకాయ తింటోంది. అత్త ఆ పిల్ల తల నిమిరి, తిరుమలతో చెప్పింది.

"తిరుమలా, రేపు పొద్దున నా తెప్ప ఎక్కు. ఒక్కపారి చూడు. చూసినంక నీ మొగడు చేసేది కరెక్టే అంటే నేను మల్ల నోరు తెరువ."

తిరుమల చిన్నమ్మ జాలరి ఇంటి కోడలే గానీ మోకాలి లోతు దాటి నీళ్లలోకి ఎన్నడూ దిగలేదు. అయినా తెల్లారి వచ్చింది. కూతురు పంపించిందని తర్వాత తెలిసింది. ముగ్గురు ఆడవాళ్లం ఎక్కేసరికి తెప్ప చీలమండల దాకా మునిగింది. చిన్నమ్మ "అయ్యో వదినా, సచ్చినం వదినా" అంటూనే ఉంది. మద్దిచెట్టు కనపడగానే నోరు మూసింది.

తల్లి ఆ రోజు పిల్లలకు ఈత నేర్పుతోంది. ఒకదాన్ని మెడ పట్టి నీళ్లలో వేయడం, అది గిలగిలలాడుతుంటే కింది నుంచి వీపు ఆనించి ఎత్తడం. మూడోది రానని మొండికేసి వేరును పట్టుకుంది. తల్లి దాని దగ్గరికి పోయి, లాగకుండా, పక్కన పడుకుంది. అది కరుచుకుని పాలు తాగింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా పిల్ల గిట్లనే మొండిది వదినా. రెండేండ్లు దాటినా నా ఒడి దిగకపోయేది," అంది.

ఇసుకతిప్ప మీద దిగాం. అత్త మూట విప్పింది. పసుపు బియ్యం చూసి చిన్నమ్మకు అనుమానం వచ్చింది.

"చేపలు తినేదానికి బియ్యమెందుకు వదినా?"

అది మేమెవరమూ ఆలోచించలేదు. ఒడిబియ్యంలో నీసు కలుపుతారా? పాపం కాదా? అత్త తిప్ప మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది.

"ఒడిబియ్యం అత్తగారింట్ల వండుకుంటరు. దాని ఇంట్ల ఏం వండుకుంటరో అదే పొయ్యాలె. చేపలు పొయ్యి," అని తీర్పు చెప్పింది.

చిన్నమ్మ తెచ్చిన చేపల గంపలో నాలుగు పరక చేపలు మిగిలి ఉన్నాయి. వాటిని పసుపు బియ్యం మీద పెట్టింది. రవికగుడ్డనే దాని ఒడి అనుకుని పరిచాం. గాజులు ఏ సైజు పెట్టాలని నేను అడిగితే, అత్త నా వైపు ఉరిమి చూసి, "పసిపిల్లలవి. చూపించి వాపసు తియ్యి, గొంతుల కుచ్చుకుంటయ్" అంది. చిన్నమ్మ దోసిలి నింపి పోసింది, నేను పోశాను. అత్త దూరంగా, చేతులు కట్టుకుని నిలబడింది. ఏ చేత్తో ఏది పోయాలో అక్కడి నుంచే చెబుతూ, మేము తప్పు చేస్తే తిడుతూ. ఆమె ఒక్క గింజ కూడా ముట్టలేదు.

ఊరంతా నవ్వారు. నీటికుక్కకు ఒడిబియ్యం పోశారట, అందులో చేపలు కలిపారట అని హోటల్ కాడ చెప్పుకున్నారు. కట్టయ్య కాక మండిపడ్డాడు. గుళికల డబ్బా చేతిలో పట్టుకునే తన వాకిట్లో భార్య మీద అరిచాడు.

"నీకేమన్న మతి పోయిందానే? అది కుక్క!"

తిరుమల చిన్నమ్మ గడపలో అడ్డంగా కూర్చుంది.

"ఇంట్ల బిడ్డ పురిటికి ఉన్నది. నా చేత్తోని ఒడి నింపిన. నువ్వు పోయి మందు పెడుత అంటే పెట్టు. మల్ల ఈ బిడ్డ ఒడి నింపేటందుకు నా చెయ్యి లేవది."

లోపలి నుంచి కూతురు "బాపూ" అని ఒక్కసారి పిలిచింది, అంతే. కట్టయ్య కాక డబ్బాను వాకిట్లో పడేశాడు. తర్వాత వలలను మద్దిచెట్టుకు దూరంగా, చెక్‌డ్యాం వైపుకు మార్చాడు. ఆ ఏడాది చేపలు తక్కువే పడ్డాయి. మా అత్త ఎదురుపడితే "నీ ఆడబిడ్డ నన్ను ముంచింది అక్కా" అనేవాడు గానీ, అందులో కోపం లేదు. ఆయనకు మనవడు పుట్టాడు.

తొలకరి పడింది. చెక్‌డ్యాం మీది నుంచి ఎర్రనీళ్లు దూకాయి. వారం రోజులు అత్త తెప్ప ఎక్కలేకపోయింది. నీళ్లు తేరిన తర్వాత పోయి చూస్తే మద్దిచెట్టు కింద ఏమీ లేదు. బొరియ నిండా ఒండ్రు. బండ మీద లేవు, లోతు మడుగులో లేవు. పిల్లలు పెద్దవైతే వేరే తావు వెతుక్కుంటాయని, కింద మున్నేరు దాకా పోయి ఉంటాయని కట్టయ్య కాక చెప్పాడు. ఆయనే రెండు రోజులు తన తెప్ప వేసుకుని వెతికి కూడా వచ్చాడు.

అత్త నాకు ఫోన్ చేసింది. ఆమె అంతట ఆమె ఫోన్ చేయడం అదే మొదటిసారి. దుకాణంలో గిరాకీ ఉంది, నేను "చెప్పు అత్తా, చెప్పు" అంటున్నాను.

"తప్పు చేసిన బిడ్డా. ఒడిబియ్యం పోసేది ఎందుకు? పోయి రమ్మని కాదా? నేనే సాగనంపిన. కాపాడుదామని చేసి నేనే ఎల్లగొట్టిన," అంది.

వాన వల్ల పోయాయని, నీ వల్ల కాదని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. నమ్మించడం నా తరం కూడా కాలేదు. ఎందుకంటే మా ఆచారం ప్రకారం ఆమె చెప్పిందే నిజం.

ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు పోయాయో. వంతెన కట్టేటప్పుడు మద్దిచెట్టును కొట్టేశారు. మొన్న నేను ఊరికి పోయాను, ఈసారి ఒక ఆలోచనతో. మామ పోయినప్పటి నుంచి మా అత్తకు ఎవరూ ఒడిబియ్యం పోయలేదు. పోయరు కూడా. తమ్ముడి కూతురిగా నేను పోస్తాను, ఊరు ఏమనుకున్నా సరే అనుకున్నాను. కొత్త చీర కొన్నాను, పసుపు బియ్యం కలిపాను, కుడుకలు తీసుకున్నాను. పొద్దున్నే రేవుకు పోతే అత్త తెప్ప తాడు విప్పుతోంది.

"అత్తా, కొంగు పట్టు," అని మూట విప్పాను.

ఆమె బియ్యం వైపు చూసింది. చెయ్యి పెట్టి, పసుపు గింజలను వేళ్ల మధ్య నుంచి జార్చింది. ఎన్నేళ్లయిందో ఆ చెయ్యి వాటిని తాకి. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. పట్టుకుంటుందనే అనుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు బిడ్డా. ఒడి నిండినంక ఆడబిడ్డ ఊర్ల ఉండొద్దు. నేను గిట్ల పోతే, ఆ పిల్లలతల్లి మల్ల వచ్చిన నాడు తల్లిగారింట్ల ఎవరుంటరు?"

నాకు ఏడుపు ఆగలేదు. అత్త తెడ్డు అందుకుని తెప్ప ఎక్కింది. కాసేపు నా కోసం ఆగింది. బియ్యం మూట ఒడ్డునే వదిలేసి నేనూ ఎక్కి, ఆమె పక్కన కూర్చుని నీళ్లలోకి చూడడం మొదలుపెట్టాను.